నాలుగున్నరేళ్ళ పాపతో ఆల్ప్స్‌కి సైకిళ్ళేసుకుని వెళ్తే, తొక్కేది ఎవరు?

ఈసారి ఉత్తరం మ్యూనిక్ నుంచి వచ్చింది. పేరు వెయ్యద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం, అందులో ముఖ్యమైనవి మాత్రం ఇక్కడ చెప్తాను.

ఆవిడది గుంటూరు, భర్తది హన్మకొండ. ఇద్దరూ మ్యూనిక్‌లోనే ఉద్యోగాలు చేస్తున్నారు. పాప పుట్టకముందు ఇద్దరికీ మౌంటెన్ బైకింగ్ అంటే ప్రాణం, ఆఫీసయ్యాక ఇజార్ నది పక్కన ట్రెయిల్స్, శని ఆదివారాలొస్తే ఆస్ట్రియా వైపు బైక్ పార్కులు (బైక్‌తో లిఫ్టులో కొండెక్కి, ట్రెయిల్స్ మీద తొక్కుకుంటూ దిగే చోట్లు). ఇప్పుడు పాపకి నాలుగున్నరేళ్ళు. ఈ మధ్యకాలంలో ఆయన రైడ్లు తగ్గాయిగానీ ఆగలేదు, ఈవిడ బైక్ మాత్రం కింద కెల్లర్‌లో, అంటే బిల్డింగ్ కింద సామాన్ల గదిలో, దుమ్ము పట్టి ఉంది. ఈ ఆగస్టు రెండో వారంలో ఆయన, ఇద్దరు ఆఫీసు ఫ్రెండ్స్ (వాళ్ళకి పిల్లల్లేరు) కలిసి ఫ్రాన్స్‌లో మోర్జీన్ అనే ఊరికి వారం రోజులు వెళ్దామని, అందరికీ కలిపి ఒకటే పెద్ద అపార్ట్‌మెంట్ తీసుకుందామని ప్లాన్ వేశారు. "మీరూ రండి, అత్తమ్మ ఎట్లాగూ ఇక్కడే ఉంటరు కదా, పాపని చూస్కుంటరు, మనిద్దరం తొక్కుకోవచ్చు" అన్నారట. ఈవిడ వాళ్ళమ్మ జూన్ నుంచి ఆగస్టు చివరిదాకా మ్యూనిక్‌లో ఉండడానికి వస్తున్నారు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, తెలుగు తప్ప వేరే భాష రాదు. ఇటు హన్మకొండ నుంచి అత్తగారు ఫోన్‌లో "పసిపిల్లను పట్టుకొని గుట్టల మీదికి సైకిళ్ళేంది" అని కోప్పడుతున్నారు. పాప ఈ వసంతంలోనే పక్క చక్రాలు లేకుండా 16 అంగుళాల సైకిల్ తొక్కడం నేర్చుకుంది, "నేనూ కొండ దిగుతా" అంటోంది.

ఆవిడ అడిగినవి ఇవి. ఈ ట్రిప్‌కి వెళ్ళాలా, ఆయన్ని ఒక్కణ్ణే పంపాలా? అందరికీ కుదిరే చోటు వేరే ఏదైనా ఉందా? ఇంత చిన్నపిల్లని కొండ మీద సైకిల్ తొక్కించడం క్షేమమేనా? ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ తొక్కితే చెయ్యో కాలో విరుగుతుందేమోనని భయంగా ఉంది, ఏం చెయ్యాలి? ఆఖర్లో ఇంకో మాట, "నాకూ తొక్కాలనుంది, కానీ ఆ మాట పైకి అంటే తల్లయ్యుండి ఇదేంటి అంటారేమోనని ఎవరితోనూ అనలేదు."

నేను ఆ ఆఖరి మాట దగ్గర్నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా ప్రశ్నలన్నీ దాన్ని పట్టుకునే ఉన్నాయి.

మీరు ఉత్తరంలో అమ్మ మోకాళ్ళ గురించి రాశారు, పాప సైకిల్ గురించి రాశారు, ఆయన ఫ్రెండ్స్‌లో ఒకాయనకి గ్లూటెన్ పడదని కూడా రాశారు, మీ సంగతి మాత్రం రెండు లైన్లలో తేల్చేశారు. తొక్కాలనుంది అని చెప్పడంలో తప్పేమీ లేదండీ. తల్లి అయినందుకు కాళ్ళలో బలం, మనసులో సరదా పోవు కదా. పైగా మీరు ఆ మాట చెప్పకపోతే మీ ఆయన ఏమనుకుంటారంటే, పాప పుట్టాక మీకే ఇంట్రెస్ట్ తగ్గిపోయిందనుకుంటారు. ఆయన రాసిన ప్లాన్ చూస్తే నాకు ఆయన చెడ్డమనిషిలా అనిపించలేదు, "మనిద్దరం తొక్కుకోవచ్చు" అన్నారంటే మీరూ తొక్కాలనే ఆయనకి ఉంది, కాకపోతే అది ఎలా జరుగుతుందో గంటలు లెక్కేసి చూడలేదు అంతే. ఆ లెక్క ఇప్పుడు మనం చూద్దాం.

మీ ఇంట్లో ఇప్పుడు మూడు సెలవులు కలిసిపోయి ఉన్నాయి. ఫ్రెండ్స్‌తో కలిసి రోజంతా తొక్కే సెలవు ఒకటి. పాపతో కుటుంబమంతా వెళ్ళే సెలవు ఇంకోటి. అంత దూరం నుంచి వచ్చిన అమ్మకి కొండలు, మంచు చూపించే సెలవు మూడోది. మూడూ మంచివే. మూడింటినీ ఒకే వారంలో ఒకే ఇంట్లో పెడితే మాత్రం మొదటిది ఒక్కటే జరుగుతుంది, మిగతా రెండూ దాని చుట్టూ సర్దుకోవాల్సి వస్తుంది, ఆ సర్దేది మీరే.

మోర్జీన్ గురించి చెప్తాను, ఎందుకంటే చోటు ఎంచుకోవడంలోనే సగం నిర్ణయం అయిపోతుంది. అది చాలా గొప్ప చోటు, అందులో అనుమానమే లేదు. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ రెండు దేశాల్లో కలిపి 12 ఊళ్ళు, అన్నింటికీ కలిపి పోర్ట్ దు సొలే అని పేరు. పక్కనే ఉన్న లే జే ఊళ్ళోనే 2022లో ప్రపంచ మౌంటెన్ బైక్ చాంపియన్‌షిప్స్ జరిగాయి. అయితే అక్కడికి వెళ్ళేవాళ్ళ అసలు సరదా ఏంటంటే ఒక లోయలోంచి ఇంకో లోయలోకి లిఫ్టులు మారుకుంటూ పోవడం, పొద్దున మోర్జీన్‌లో ఎక్కి ఆవొరియాజ్ మీదుగా షాతెల్‌కో, స్విస్ వైపు షాంపెరికో వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావడం. ఫ్రెండ్స్‌తో అలా వెళ్ళిన మనిషి మధ్యాహ్నం 12 కి "నేను దిగిపోతా, మా ఆవిడకి టర్న్ ఇవ్వాలి" అని రాలేడు, వద్దామన్నా దారి ఉండదు. తిరుగు లిఫ్ట్ ఆఖరిది మిస్సయితే కొండ చుట్టూ తిరిగి రోడ్డు మీద టాక్సీలో రావాలి. అంటే మీ ఆయన మనసు మంచిదైనా ఆ చోటే ఆయన్ని సాయంత్రం అయిదింటిదాకా ఇంటికి రానివ్వదు. పిల్లలకి అక్కడ ఏమీ లేదని కాదు, ఆవొరియాజ్ అసలు కార్లే తిరగని ఊరు, పెద్ద ఇండోర్ వాటర్ పార్క్ కూడా ఉంది. కానీ ఆ వాటర్ పార్క్‌లో పాప పక్కన వారమంతా ఎవరుంటారు అనేదే కదా మన ప్రశ్న.

దూరం కూడా ఆలోచించండి. మ్యూనిక్ నుంచి మోర్జీన్‌కి ఆగకుండా పోయినా దాదాపు ఏడు గంటలు, నాలుగున్నరేళ్ళ పాప, మోకాళ్ళ నొప్పులున్న అమ్మ కార్లో ఉంటే తొమ్మిదనుకోండి. స్విట్జర్లాండ్ మీదుగా పోతే అక్కడి మోటర్‌వే విన్యెట్ (టోల్ స్టిక్కర్) ఏడాదిది మాత్రమే అమ్ముతారు, 40 ఫ్రాంకులు.

ఇంకొక సంగతి, ఇది మనవాళ్ళలో చాలామందికి తెలీదు. మీ జర్మన్ హెల్త్ కార్డు వెనకవైపు నీలంరంగులో ఉండే యూరోపియన్ కార్డు ఈయూ దేశాల్లో పనిచేస్తుంది, కానీ ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి స్విట్జర్లాండ్‌లో అది చెల్లదు. పోర్ట్ దు సొలేలో ట్రెయిల్ మీద వెళ్తూ వెళ్తూనే దేశం మారిపోతుంది, ఎక్కడ పడితే అక్కడి ఆసుపత్రికే తీసుకెళ్తారు. కాబట్టి మీ ఆయన ఫ్రెండ్స్‌తో అక్కడికి వెళ్ళినా సరే, ఏడాది పొడవునా ఉండే విదేశీ వైద్య బీమా ఒకటి విడిగా తీసుకోమనండి, జర్మనీలో అది పెద్ద ఖర్చేమీ కాదు.

ఇప్పుడు అమ్మ విషయం. "అత్తమ్మ చూస్కుంటరు" అని ఆయన తేలిగ్గా అన్నారు, మీరూ కాదనలేకపోయారు. నేను వీళ్ళని చూస్తూనే ఉంటాను, జూలై ఆగస్టుల్లో లిఫ్ట్ స్టేషన్ల కింద బెంచీల మీద శాలువా కప్పుకుని కూర్చునే మన అమ్మలని, అత్తయ్యలని. ఒక చేతిలో మనవరాలి వాటర్ బాటిల్, ఇంకో చేతిలో ఎవరో ఇచ్చి వెళ్ళిన ఫోన్, ఆ పిల్లేమో ఇసక గుంటలోంచి లేచి సైకిళ్ళొచ్చే దారి వైపు పరిగెడుతుంటుంది, ఈవిడ లేచేలోపు ఎవరో ఒక జర్మన్ ఆవిడ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపి ఏదో అడుగుతుంది, ఈవిడకి అర్థం కాక నవ్వి తల ఊపుతుంది. మీ అమ్మగారు ఒప్పుకుంటారు, అమ్మలు ఒప్పుకుంటారు. పాప పడి గడ్డం పగిలితే ఫోన్ ఎవరికి చెయ్యాలో, ఏ భాషలో చెప్పాలో ఆవిడకి తెలీదు, మీరిద్దరూ అప్పుడు సిగ్నల్ లేని అడవిలో ఉంటారు. అందుకని ఇది మాత్రం ఖచ్చితంగా చెప్తున్నా, మీ ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ పాప దగ్గర, అమ్మ దగ్గర ఉండేలా ఉంటేనే ఏ ప్లాన్ అయినా వెయ్యండి. అమ్మ తోడుంటే మీ పని సగం తగ్గుతుంది, ఆవిడకీ బాగుంటుంది. ఒంటరిగా ఆవిడ మీద వదిలేస్తే మీరు పైన తొక్కుతున్నా మీ మనసు కిందే ఉంటుంది. ముందు అమ్మనే అడగండి, "చూస్కుంటావా" అని కాదు, "నీకేం చూడాలనుందమ్మా" అని.

సరే, ఏం చెయ్యచ్చో చూద్దాం. నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి.

మొదటిది, ఆయన ఫ్రెండ్స్‌తో మోర్జీన్‌కి వెళ్ళనివ్వండి, కాకపోతే వారం కాదు, నాలుగు రోజులు. మీరూ పాపా అమ్మా మ్యూనిక్‌లో. దీన్ని ఓడిపోయినట్టు అనుకోకండి, ఫ్రెండ్స్ సెలవు ఫ్రెండ్స్ సెలవులా జరిగితే ఆయనకీ హాయి, మీకూ అయిదుగురికి వండిపెట్టే గోల లేదు. బదులుగా మీకూ నాలుగు రోజులు రావాలి, అవి ఆయన వెళ్ళకముందే క్యాలెండర్‌లో తేదీలతో సహా ఉండాలి. "తర్వాత చూద్దాంలే" అన్నారంటే అక్టోబర్ వచ్చేస్తుంది, లిఫ్టులు మూసేస్తారు. ఆ నాలుగు రోజులూ మీరు ఒక్కరే వెళ్తారో, ఇంకో స్నేహితురాలితో వెళ్తారో మీ ఇష్టం. దీంట్లో ఇబ్బంది ఏంటంటే కుటుంబంగా మీరు కలిసి వెళ్ళినట్టు ఉండదు, పాప కొండ దిగాలన్న ముచ్చటా తీరదు.

రెండోది, నాకు ఎక్కువ నచ్చేది, ఫ్రెండ్స్ లేకుండా మీ నలుగురే వెళ్ళడం, అదీ ఒకే కొండ, ఒకే లిఫ్ట్ స్టేషన్ చుట్టూ అన్నీ ఉన్న చోటికి. మీకు ఆస్ట్రియా తెలుసు కాబట్టి లేయోగాంగ్ గుర్తుండే ఉంటుంది, 2020 ప్రపంచ చాంపియన్‌షిప్స్ జరిగిన చోటు. మీరు పెళ్ళైన కొత్తలో వెళ్ళినప్పుడు అక్కడి కష్టమైన ట్రెయిల్స్ చూసుంటారు, ఇప్పుడు పాప కళ్ళతో చూడండి. కింద లిఫ్ట్ దగ్గరే కొత్తవాళ్ళకీ పిల్లలకీ ప్రాక్టీస్ చేసుకునే ఏరియా, పంప్ ట్రాక్ (చిన్న చిన్న దిబ్బలు, మలుపులు ఉండే ట్రాక్) ఉన్నాయి, గొండోలా, అంటే క్యాబిన్ లిఫ్ట్, మిడిల్ స్టేషన్‌లో దిగితే పిల్లలు ఆడుకుంటూ నడిచే దారి ఉంది. అంటే పైనుంచి వచ్చిన మనిషి హెల్మెట్ తీసి పాప పక్కన కూర్చుంటే, ఇంకో మనిషి హెల్మెట్ పెట్టుకుని అదే లిఫ్ట్ ఎక్కేయచ్చు. మధ్యలో కారు తియ్యడం, పార్కింగ్ వెతకడం ఉండవు. పక్క లోయలో సాల్‌బాఖ్ ఉంది, అక్కడ ఊరే పెద్దది, ట్రెయిల్స్ ఎక్కువ. అక్కడ చాలా హోటళ్ళలో, అపార్ట్‌మెంట్లలో బస చేస్తే గెస్ట్ కార్డు ఇస్తారు, దాంతో నడిచేవాళ్ళు లిఫ్టులు ఉచితంగా ఎక్కచ్చు, బైక్‌తో ఎక్కాలంటే టికెట్ వేరే కొనాలి. అంటే అమ్మకీ పాపకీ ఖర్చు లేకుండా రోజూ పైకి వెళ్ళి రావచ్చు. బుక్ చేసేటప్పుడు ఆ ఇంటికి కార్డు వస్తుందా అని అడిగి మరీ బుక్ చెయ్యండి, అన్నిచోట్లా రాదు.

మ్యూనిక్ నుంచి జీగ్స్‌డోర్ఫ్ దగ్గర ఆటోబాన్ (జర్మన్ మోటర్‌వే) దిగి, ఇన్‌త్సెల్, లోఫర్ మీదుగా పోతే రెండున్నర గంటలు, ఆస్ట్రియా మోటర్‌వే తగలదు కాబట్టి విన్యెట్ కూడా అక్కర్లేదు. శనివారం పొద్దున మాత్రం బయల్దేరకండి, సాల్జ్‌బుర్గ్ వైపు ఆటోబాన్ కదలదు. పాస్‌పోర్టులు, రెసిడెన్స్ కార్డులు, అమ్మ వీసా ఉన్న పాస్‌పోర్ట్ అన్నీ దగ్గర పెట్టుకోండి, తిరిగొచ్చేటప్పుడు జర్మన్ బోర్డర్‌లో ఆపి చూస్తున్నారు.

అమ్మ సౌకర్యం ముందు చూసుకోవాలంటే ఆస్ట్రియాలోనే తిరోల్ రాష్ట్రంలో సెర్ఫాస్ అనే ఊరు ఉంది. ఊరి ఎత్తు 1,400 మీటర్లు దాటుతుంది, ఊరు చిన్నదే అయినా 1985 నుంచి దానికి సొంత భూగర్భ రైలు ఉంది, కార్లు ఊళ్ళో తిరక్కుండా జనం ఆ రైల్లో లిఫ్ట్ దాకా పోతారు, టికెట్ లేదు. పాప లిఫ్ట్ కంటే ఆ రైలే ఎక్కువసార్లు ఎక్కుతానంటుంది, అమ్మకి మెట్లు, ఎత్తుపల్లాలు తగ్గుతాయి. బైక్ పార్క్ ఉంది, కాకపోతే లేయోగాంగ్ అంత పెద్దది కాదు, మీ ఆయనకి నాలుగో రోజుకి అన్నీ తొక్కేశాననిపిస్తుంది. దారిలో ఫెర్న్‌పాస్ అనే కనుమ దగ్గర వీకెండ్ ట్రాఫిక్ మహా చెడ్డది.

మూడోది, మోర్జీనే వెళ్ళాలి, ఫ్రెండ్స్ కూడా ఉండాలి అని ఆయన గట్టిగా అంటే, అపార్ట్‌మెంట్లు వేరు వేరు తీసుకోండి. ఆయన ఫ్రెండ్స్‌తో పూర్తిగా రెండు రోజులు, మీరు పూర్తిగా ఒక రోజు, మిగతావి చెరి సగం. ఇది కాగితం మీద బాగుంటుంది, పొద్దున్నే కింద ఫ్రెండ్స్ బైకులతో నిలబడి పిలుస్తుంటే ఆ సగం రోజు నిలబడుతుందా అనేది మీ ఆయన గురించి మీకే బాగా తెలుసు.

సగం రోజు లెక్క ఎలా నడుస్తుందో కూడా చెప్తాను, ఇక్కడ చాలామంది తగువు పడతారు. లిఫ్టులు మామూలుగా పొద్దున తొమ్మిది నుంచి నాలుగున్నర, అయిదు దాకా. జూలై ఆగస్టుల్లో ఆల్ప్స్‌లో పొద్దున ఎండగా ఉండి మధ్యాహ్నం మూడింటికల్లా మబ్బేసి ఉరుములు మొదలవడం చాలా మామూలు, ఉరుములొస్తే లిఫ్టులు ఆపేస్తారు. అంటే పొద్దుటి టర్న్ ఎవరిదో వాళ్ళకే పొడి ట్రెయిల్, మధ్యాహ్నం వాళ్ళకి సగం రోజులు వానకి పోతాయి. అందుకని రోజు విడిచి రోజు పొద్దుటి టర్న్ మార్చుకోండి. ఆయన "నేను పొద్దున్నే లేస్తా కదా" అంటారు, ఒప్పుకోకండి. పన్నెండున్నరకి చేతులు మారడం, అందరూ కలిసి తినడం, ఒంటిగంటకి రెండోవాళ్ళు పైకి. చాలాచోట్ల మధ్యాహ్నం నుంచి మొదలయ్యే తక్కువ రేటు టికెట్ ఉంటుంది. ఒకే పాస్ ఇద్దరూ వాడుకుందామని చూడకండి, పాస్ ఒకరికే చెల్లుతుంది. వారంలో ఒక రోజు అసలు ఎవరూ తొక్కకుండా ఉంచండి, అది అమ్మ రోజు.

పాప విషయానికొద్దాం, అత్తగారి కోపం కూడా ఇక్కడే ఉంది. ఆవిడ భయం అర్థం లేనిది కాదు. లిఫ్ట్ ఎక్కించి బైక్ పార్క్ ట్రెయిల్ మీద ఈ ఏడాదే సైకిల్ నేర్చుకున్న పిల్లని దింపడం నేనూ వద్దనే అంటాను. మీ బైక్ మీద ముందు సీట్ బిగించి ఆ ట్రెయిల్స్ మీద తీసుకుపోవడం అసలే వద్దు, చాలా పార్కులు ఒప్పుకోవు కూడా. కానీ లోయలో నది పక్కన చదునుగా ఉండే సైకిల్ దారి, పంప్ ట్రాక్, కింద ప్రాక్టీస్ ఏరియా, ఇవి నాలుగున్నరేళ్ళ పిల్లకి చక్కగా సరిపోతాయి, అదే తనకి కొండ దిగినంత సంబరం. బయల్దేరేముందు ఇంటి దగ్గరే ఒక్కటి చూడండి. ఇంటి దగ్గర కొంచెం వాలు ఉన్న దారి మీద పాప పైనుంచి వస్తుంటే మీరు "ఆగు" అనగానే చేతి బ్రేకులతో, కాళ్ళు నేలకి రాయకుండా, మీరు గీసిన గీత దగ్గర ఆగగలుగుతుందా? వేళ్ళు బ్రేక్ లివర్‌కి అందుతున్నాయా? చాలా పిల్లల సైకిళ్ళకి పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేక్ ఉంటుంది, చదును మీద బాగానే ఉంటుందిగానీ వాలు దిగేటప్పుడు పెడల్స్ రెండూ సమంగా పెట్టుకుని నిలబడడానికి వీలవదు, కంగారులో పెడల్ వెనక్కి పడితే వెనక చక్రం లాక్ అయిపోతుంది. మీ పాపది అలాంటిదైతే రెండు చేతి బ్రేకులున్నది సెకండ్ హ్యాండ్‌లో చూడండి, మ్యూనిక్‌లో దొరుకుతాయి. గీత దగ్గర నమ్మకంగా ఆగేదాకా వాలు దారులు వద్దు. ఆగితే పంప్ ట్రాక్, చిన్న వాలులు, మీరు పక్కన పరిగెత్తేంత దూరం. ఒకసారికి ముప్పావుగంట, తర్వాత ఏదో ఒకటి తినాలి, ఆ తర్వాత తనకి సైకిల్ కంటే వాగులో రాళ్ళేయడం ఎక్కువ నచ్చుతుంది, వదిలెయ్యండి.

హెల్మెట్ ఫుల్ ఫేస్‌ది (గడ్డం కూడా కప్పేది), గ్లవ్స్, మోకాళ్ళకి ప్యాడ్స్ ఇక్కడే కొనుక్కుని వెళ్ళండి, అంత చిన్న తలకి సైజు అక్కడ అద్దెకి దొరకడం కష్టం, దొరికినా గడ్డం దగ్గర వదులుగా ఉంటే లాభం లేదు. ఇంట్లో నాలుగు రోజులు పెట్టుకుని తిరగనివ్వండి. ఆస్ట్రియాలో ఫారెస్ట్ రోడ్లన్నీ సైకిళ్ళకి తెరిచి ఉండవు, బోర్డు పెట్టిన దారుల్లోనే తొక్కాలి, బాగా చదునుగా ఉంది కదా అని పాపతో ఎక్కడ పడితే అక్కడ దూరకండి. గొండోలాలో పైకెళ్ళేటప్పుడు చెవులు దిబ్బడేస్తాయి, ఏదైనా నమలడానికో తాగడానికో ఇస్తే చాలు, జలుబు బాగా ఉన్న రోజు పైకి తీసుకెళ్ళకండి. ఎత్తు పెరిగేకొద్దీ ఎండలో అల్ట్రావయొలెట్ ప్రతి వెయ్యి మీటర్లకి సుమారు పది శాతం పెరుగుతుంది, చల్లగా ఉంది కదా అని క్రీమ్ మర్చిపోతారు, అమ్మకి కూడా రాయండి.

తేదీ గురించి. ఆగస్టు 15 బవేరియాలో చాలాచోట్ల, ఆస్ట్రియాలో, ఫ్రాన్స్‌లో, ఇటలీలో సెలవు, ఆ వారం ఆల్ప్స్‌లో అన్నీ నిండిపోతాయి, రేట్లు కూడా అప్పుడే ఎక్కువ. పాప ఇంకా కిండర్‌గార్టెన్‌లోనే ఉంది కాబట్టి బడి సెలవుల కోసం మీరు ఆగక్కర్లేదు, ఈ అదృష్టం ఇంకో ఏడాదో రెండేళ్ళో. జూన్ ఆఖరి వారం వెళ్ళండి, అమ్మ కూడా అప్పటికి వచ్చేస్తారు, రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది, 2,000 మీటర్ల పైన అక్కడక్కడా మంచు ఇంకా ఉంటే అమ్మ ముట్టుకుని చూడచ్చు. ఆ మంచు వల్లే బాగా పైన ఉన్న ట్రెయిల్ ఒకటో రెండో మూసి ఉండచ్చు, ఫర్వాలేదు. అమ్మ విమానం దిగిన వారంలోనే మాత్రం బయల్దేరకండి.

వంటకి కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి, చిన్న కుక్కర్ పట్టుకెళ్ళండి, ఎత్తు పెరిగితే నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి, గిన్నెలో పప్పు ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది. పొయ్యి ఇండక్షన్ అయితే దానికి పనికొచ్చే కుక్కర్. వంట కూడా చెరి సగం, అమ్మ కాదు.

మీ భయం సంగతి. ఇన్నేళ్ళ తర్వాత అంటే శరీరం మర్చిపోదుగానీ చేతుల పట్టు, నడుము బలం తగ్గి ఉంటాయి. కెల్లర్‌లో బైక్ ముందు సర్వీస్‌కి ఇవ్వండి, ఇన్నాళ్ళు కదలకుండా ఉన్న సస్పెన్షన్, బ్రేకులు అలాగే తీసుకెళ్ళకండి. ఒక నెల ముందు నుంచి ఇజార్ ట్రెయిల్స్ మీద వారానికోసారి, ఆ తర్వాత రోజెన్‌హైమ్ దగ్గర సామర్‌బెర్గ్ బైక్ పార్క్‌కి నలుగురూ కలిసి ఒక్క రోజు. ఆ ఒక్క రోజు మీకు చాలా చెప్తుంది, మీ చేతులు ఎలా ఉన్నాయో, టర్నులు మార్చుకోవడం కుదిరిందా, అమ్మకి ఆ బెంచీ మీద ఎలా గడిచిందో. వెళ్ళాక మొదటి రోజు నీలం గుర్తున్న తేలిక ట్రెయిల్సే, కావాలంటే సగం రోజు కోచ్‌ని పెట్టుకోండి, అది డబ్బు దండగ కాదు. దెబ్బలు ఎక్కువగా తగిలేది రోజు చివర్న, అలిసిపోయి "ఇంకొక్కటి" అన్నప్పుడు, ఆ ఒక్కటీ వదిలెయ్యండి. అమ్మ ఉన్నా సరే మీరిద్దరూ ఒకేసారి పైన ఉండకండి.

కొండ మీద పడితే హెలికాప్టర్ రావాల్సి వస్తే ఆ బిల్లు వేలల్లో ఉంటుంది, ఆస్ట్రియాలో సరదాకి చేసే ఆటల్లో జరిగే ప్రమాదాలకి రెస్క్యూ ఖర్చు మామూలు హెల్త్ ఇన్సూరెన్స్‌లో రాదు. జర్మన్ ఆల్పైన్ క్లబ్‌లో సభ్యత్వం తీసుకుంటే మనిషికి 25,000 యూరోల దాకా రెస్క్యూ ఖర్చు అందులో ఉంటుంది, బైక్ పార్క్‌లో కూడా వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. అమ్మ వీసా కోసం తీసిన ఇన్సూరెన్స్ కాగితం ప్రింట్ బ్యాగులో ఉండాలి. ఆస్ట్రియాలో మౌంటెన్ రెస్క్యూ 140, ఎక్కడైనా 112. రెండూ అమ్మ ఫోన్‌లో కూడా పెట్టండి.

అత్తగారికి ఇన్ని వివరాలు చెప్పక్కర్లేదు. పాప లోయలో చదును మీద తొక్కుతుంది, పక్కన మేముంటాం అని మీ ఆయన చెప్పాలి, మీరు కాదు. కొడుకు చెప్తే ఆవిడకి అది ఇద్దరి నిర్ణయం అవుతుంది, మీరు చెప్తే కోడలి మొండితనం అవుతుంది.

ఇక ఆయనతో మాట్లాడడం. మోర్జీన్ ఎందుకు వద్దో మొదలుపెట్టకండి, ఆయన లింకులు తీసి ఎందుకు బాగుంటుందో చూపించడం మొదలుపెడతారు, మాట అక్కడే తిరుగుతుంది. "నాకు ఈ వేసవిలో తొక్కాలనుంది, వారంలో కనీసం మూడు సగం రోజులు నాకు కావాలి, అమ్మ మీద పాపని ఒంటరిగా వదిలి కాదు" అని ముందు చెప్పండి, తర్వాత వారానికి ఒక కాగితం తీసి ఏ గంటకి ఎవరు పాప దగ్గర ఉంటారో ఆయన్నే రాయమనండి, మోర్జీన్‌కి ఒకటి, లేయోగాంగ్‌కి ఒకటి. మోర్జీన్ కాగితంలో మీ పేరు, అమ్మ పేరే వరసగా పడుతున్నాయని ఆయనకే కనపడుతుంది. అప్పుడు ఆయన మొదటి దారి అంటే మొదటిది, రెండోది అంటే రెండోది, లేదా నాలుగు రోజులు ఫ్రెండ్స్‌తో ఆగస్టులో, జూన్‌లో మీ నలుగురితో ఒక వారం అన్నా నాకు అభ్యంతరం కనిపించట్లేదు, సెలవులూ డబ్బులూ కుదిరితే అదే అన్నిటికంటే మంచిది కూడా. ఏదైనా ఒకటి తేల్చుకునేదాకా ఆ పెద్ద అపార్ట్‌మెంట్‌కి అడ్వాన్స్ కట్టనివ్వకండి, ఒకవేళ ఇప్పటికే కట్టేసి ఉంటే ఎప్పటిదాకా క్యాన్సిల్ చేసుకోవచ్చో ఈ రోజే చూడండి. ఫ్రెండ్స్‌కి ప్లాన్ మారిందని ఫోన్ చేసి చెప్పేది కూడా ఆయనే.